మాట లేని పాటను వినడం, వినిపించడం

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అక్కుపల్లిలో గానీ కాశీబుగ్గ బజారులో గానీ ఎవరినైనా ఇష్టమైన పాట ఏదని అడగండి. సినిమా పేరు, హీరో పేరు, పాడినవాళ్ళ పేరు గబగబా చెప్పేస్తారు. ఇష్టమైన వాద్యం ఏదని అడగండి, కాస్త ఆలోచిస్తారు. ఆ పాటలో వేణువు ఊదిందెవరని అడిగితే ఇక నోట మాట రాదు. వినక కాదు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ఆ ముక్కను వందసార్లు విని ఉంటారు, పనిలో ఉండగా కూనిరాగం కూడా తీస్తుంటారు. అయినా పాడేవాళ్ళు మళ్ళీ అందుకునేదాకా గడిచే కాసేపుగానే దాన్ని లెక్కేయడం మనకు అలవాటైపోయింది.

ఈ అధ్యాయం ఆ కాసేపటి గురించే. మాట ఉన్నంతసేపూ మన చెవి అర్థం వెంట పోతుంది. మాట లేనప్పుడు ధ్వని వెంట పోక తప్పదు. అలా పోవడం అలవాటైన మనిషికి ఒంటరి రైలు ప్రయాణంలో, నిద్రపట్టని రాత్రిలో ఒక ఆసరా దొరుకుతుంది. దానికన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. మీకు నచ్చిన ధ్వనిని మరొకరికి వినిపించి, వాళ్ళ ముఖంలో కలిగే మార్పును దగ్గరుండి చూడటం. మనుషులు దగ్గరయ్యే దారుల్లో ఇంత ఖర్చు లేనిది నాకు మరొకటి తెలీదు.

ఇందుకు జాజ్ రికార్డులను ఎంచుకున్నాను. జాజ్ అనగానే పెద్ద హోటళ్ళూ సూటూ బూటూ గుర్తొస్తే ఆ బొమ్మను పక్కన పెట్టండి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్నంలో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాల పిల్లలు బూరలూ డోళ్ళూ పట్టి పెంచిన సంగీతం అది. అక్కడ ఊరేగింపుకి బ్యాండు, పండక్కి బ్యాండు, శవయాత్రకీ బ్యాండే. శ్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదైన భక్తిగీతం వాయిస్తారు, తిరిగొచ్చేటప్పుడు కాలు నిలవనివ్వని వరస ఎత్తుకుంటారు. పెళ్ళికి సన్నాయి, అమ్మవారి సంబరానికి తప్పెటగుళ్ళు, చావుకి డప్పు తెలిసిన ఉద్దానం మనిషికి ఇది పరాయి లోకమేమీ కాదు. ఇంకో కారణం కూడా ఉంది. జాజ్ రికార్డుల అట్టల మీద బాసు ఎవరిది, డ్రమ్స్ ఎవరివి, పియానో ఎవరిది అన్నది పేరు పేరునా రాస్తారు. ధ్వనిని మనిషి పేరుతో సహా గుర్తుపెట్టుకోవడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

జముకు విన్న చెవి

కొత్త సంగీతం ముందు కూర్చున్నప్పుడు "నాకేమీ తెలీదు" అనుకుంటూ మొదలుపెట్టకండి. మీ చెవికి చాలా తెలుసు. జముకు సంగతే తీసుకోండి. దాని డొల్లకి ఒకవైపు తోలు మూసి ఉంటుంది. ఆ తోలు మధ్యలోంచి వచ్చే తీగను ఒక చేత్తో బిగించి పట్టుకుని రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే ధ్వని పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. ఉన్నది ఒక్క తీగే. అయినా ఆ లేవడంలో, జారడంలో మనిషి మాటలోని విరుపులన్నీ పలుకుతాయి. జముకుల కథలో కథకుడు ఒక మాట అంటాడు, వంత అందుకుంటుంది, జముకు ఆ ఇద్దరి కిందా నడుస్తూనే ఉంటుంది. 1960లలో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ ఉద్దానం పల్లెల్లో జనాన్ని కదిలించడానికి జముకుల కథనే ఎంచుకున్నాడంటే, ఈ నేల మీద ఆ ధ్వనికి ఎంత చొరవ ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బం ‘కైండ్ ఆఫ్ బ్లూ’ తీయండి. 1959లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. ఫోన్లో వెతికితే చిటికెలో దొరుకుతుంది. మొదటి ట్రాకు ‘సో వాట్’, నిడివి తొమ్మిది నిమిషాల పైచిలుకు. మొదట్లో పియానో, బాసు తాళం కట్టకుండా మెల్లగా తడుముకుంటూ సాగుతాయి. అర నిమిషం దాటాక తాళం కుదురుతుంది. అప్పుడు వరస ఎత్తుకునే బాధ్యత ట్రంపెట్‌ది కాదు. పాల్ ఛాంబర్స్ చేతిలోని బాసుది, మనిషికన్నా ఎత్తుండే ఆ లావుపాటి తీగల వాద్యానిది. అది ఒక మాట అంటుంది. మిగతావాళ్ళు రెండే రెండు ముక్కల్లో జవాబిస్తారు. మళ్ళీ బాసు అంటుంది, మళ్ళీ ఆ రెండు ముక్కలు. వంత అందుకోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒకటిన్నర నిమిషం దగ్గర చెవి పెట్టండి. మైల్స్ డేవిస్ ట్రంపెట్ విడిగా అందుకునే క్షణంలో డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక దెబ్బ వేస్తాడు. ఆ కంచు మోత వెంటనే ఆగదు. ట్రంపెట్ మొదటి స్వరాల కింద పరుచుకుని, సన్నబడుతూ, వెనక సాగే బాసు నడకలో కలిసిపోతుంది. ఆ ఒక్క దెబ్బ కోసం ట్రాకును వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ విన్నవాళ్ళు లోకమంతా ఉన్నారు. మీరూ తిప్పండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ మోత సరిగ్గా ఎక్కడ వినపడటం మానేసిందో పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఒక ధ్వని చివరంటా వెంట వెళ్ళడం మీకు నేనిచ్చే మొదటి అభ్యాసం.

కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో తెలిసినవాళ్ళకి ఇంకో ఆధారం ఉంది. సో వాట్‌లోని స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. పాశ్చాత్య సంగీతంలో ఆ వరుసను డోరియన్ అంటారు. త్యాగరాజస్వామి ‘చక్కని రాజమార్గము’ విన్న చెవికి అవి చుట్టాలే, కాకపోతే గమకాల కోసం వెతక్కండి. ఇక్కడ అందం వేరే చోట ఉంది. ఈ వరస 32 బార్ల చక్రంలో తిరుగుతుంది. ఇక్కడ బార్ అంటే నాలుగు దెబ్బలు. మొదటి 16 బార్లు రెండో శ్రుతిలో నడుస్తాయి. తర్వాతి ఎనిమిది రెండున్నర శ్రుతికి ఎక్కుతాయి. చివరి ఎనిమిదికి మళ్ళీ రెండుకి దిగొస్తాయి. తంబుర ఒక్క శ్రుతినే పట్టుకుని ఉండే కచేరీలకు అలవాటుపడ్డ మనకు ఈ మార్పు మొదట కలవరంగా ఉంటుంది. హార్మోనియం ఉంటే దగ్గర పెట్టుకోండి. మార్పు వచ్చిన చోటల్లా రెండో తెల్లమెట్టు నుంచి దాని కుడిపక్కనున్న నల్లమెట్టుకి వేలు జరపండి. కాసేపటికి మార్పు రాబోతోందని వేలికి ముందే తెలిసిపోతుంది.

మొత్తం రూపం కూడా మనకు కొత్తది కాదు. ముందు అందరూ కలిసి అసలు వరస వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ వంతులవారీగా అదే చక్రం మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. చివరికి అందరూ తిరిగి అసలు వరసకు వస్తారు. కీర్తన పాడి, స్వరకల్పన చేసి, తని ఆవర్తనం అయ్యాక పల్లవి అందుకునే కచేరీ క్రమం ఎరిగినవాళ్ళు దారి తప్పరు. సో వాట్‌లో ట్రంపెట్ తర్వాత జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సోఫోన్ వస్తుంది, ఆ తర్వాత కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో శాక్సోఫోన్, ఆపైన బిల్ ఎవాన్స్ పియానో. వాద్యం ఒకే జాతిది. కోల్ట్రేన్ దగ్గర అది గట్టిగా నిలదీస్తుంది, ఆడర్లీ దగ్గర సరదాగా కబుర్లాడుతుంది. ఈ తేడా మీకు మీరుగా పట్టుకున్న రోజున మీరు జాజ్ వినడం మొదలుపెట్టినట్టే.

తాళం మీద మనసున్నవాళ్ళు 1959లోనే వచ్చిన డేవ్ బ్రూబెక్ బృందం ఆల్బం ‘టైమ్ అవుట్’ వినాలి. అందులో ‘టేక్ ఫైవ్’ కట్టింది ఆ బృందంలో ఆల్టో శాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. అయిదు దెబ్బల ఆవర్తం. ఖండచాపును మనం తక తకిట అని చెప్పుకుంటాం, ఇక్కడ అది తకిట తక అని తిరగబడుతుంది. పియానో ఆ అయిదును చివరిదాకా వదలదు కాబట్టి డ్రమ్స్ విడిగా వాయించేటప్పుడు కూడా లెక్క తప్పకుండా చేత్తో తాళం వేయొచ్చు. అదే ఆల్బంలో ‘బ్లూ రోండో అలా తుర్క్’ తొమ్మిది దెబ్బలది. తక తక తక తకిట. 1958లో ఈ బృందం టర్కీ మీదుగా మన దేశానికి కూడా వచ్చింది. ఆ ప్రయాణంలో ఇస్తాంబుల్ వీధి వాద్యగాళ్ళ దగ్గర విన్న తొమ్మిదిని బ్రూబెక్ ఇంటికి పట్టుకెళ్ళి ఇలా కట్టాడు. తప్పెటగుళ్ళ వాళ్ళు గుండె మీది రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, కాలి గజ్జెలతో వేరే నడక నడిపించడం చూసిన పిల్లలకి ఈ లెక్కలు పెద్దవాళ్ళకన్నా తొందరగా వస్తాయని నా నమ్మకం. వాళ్ళకే ముందు వినిపించండి.

పాలకొల్లు నుంచి బెర్లిన్‌కి

మన సంగీతానికీ జాజ్‌కూ మధ్య వారధి కట్టిన మనిషి ఎవరంటే నేను సంకోచం లేకుండా మాండొలిన్ శ్రీనివాస్ పేరు చెబుతాను. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ ఇంట్లో ఉంచిన మాండొలిన్‌ను ఆరేళ్ళ వయసులో పట్టుకున్నాడు. కర్ణాటక సంగీతంలో అప్పటిదాకా ఆ వాద్యానికి పెద్దగా చోటు లేదు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. వాద్యం తెలియని గురువు దగ్గర అంతటి విద్వాంసుడు తయారయ్యాడంటే, చెవి ఎంత పని చేయగలదో ఆలోచించండి.

మాండొలిన్‌కి మామూలుగా తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. మీటిన స్వరం త్వరగా చచ్చిపోతుంది, జంట తీగల మీద గమకం లాగడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి, అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. దాంతో స్వరం నిలిచింది, వేలు జారితే గమకం పలికింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి పద్నాలుగు. జాజ్ కోసం వచ్చిన శ్రోతల ముందు ఒక తెలుగు కుర్రాడు కూర్చుని కర్ణాటక సంగీతం వినిపించాడు, వాళ్ళు విన్నారు.

తర్వాత ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అతన్ని తన బృందంలోకి తీసుకున్నాడు. మెక్‌లాఫ్లిన్ ఒకప్పుడు మైల్స్ డేవిస్‌తో కలిసి వాయించినవాడు. 1970లలో వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం టి.హెచ్. వినాయక్‌రామ్‌లతో ‘శక్తి’ అనే బృందం కట్టాడు. అదే 1990ల చివర ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ లేచినప్పుడు అందులో శ్రీనివాస్ మాండొలిన్, వినాయక్‌రామ్ కొడుకు సెల్వగణేశ్ కంజీర చేరాయి. 2000లో వచ్చిన ‘ది బిలీవర్’ ఆల్బం వినండి. గిటారు ఒక ముక్క వదులుతుంది, మాండొలిన్ దాన్ని పట్టుకుని ఇంకాస్త చేర్చి తిరిగిస్తుంది. మాటామాటా పెరిగి ఇద్దరూ కలిసి పరుగెత్తే చోట ఏది గిటారో ఏది మాండొలినో చెప్పగలిగితే మీ చెవి ఎదిగినట్టు. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. తమ్ముడు రాజేశ్ మాండొలిన్ కూడా మెక్‌లాఫ్లిన్ ఆల్బం ‘ఫ్లోటింగ్ పాయింట్’లో ఉంది, 2008లో వచ్చింది.

మన ఉత్తరాంధ్ర వైపు చూస్తే, విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఉన్నారు. వయొలిన్‌ను పక్కవాద్యం స్థానం నుంచి వేదిక మధ్యకు తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన పాత గ్రామఫోను రికార్డులు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. ఆ రికార్డు ఒక వైపున పట్టేది మూడు నిమిషాలే. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ కూడా అదే కొలతకు కట్టింది. అది ఏ తోడూ లేకుండా ఒంటి ట్రంపెట్‌తో మొదలవుతుంది. ఆ కొద్ది సెకన్లలో తాళం లేదు, వెనక ఎవరూ లేరు, ఊపిరి ఒక్కటే ఉంది. తొమ్మిది నిమిషాలు కూర్చోలేనివాళ్ళకి ఈ మూడు నిమిషాల రికార్డులు చక్కటి మొదలు. ఒక పూట ద్వారం వారిది ఒకటి, ఆర్మ్‌స్ట్రాంగ్‌ది ఒకటి పక్కపక్కన వినండి.

వినిపించే పద్ధతి

ఇక పంచుకోవడం. ఉద్దానంలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు దూరాన ఉంటారు. సైన్యంలోనో, హైదరాబాదు కట్టడం పనుల్లోనో, గల్ఫులోనో. వాట్సాప్ గ్రూపుల్లో రోజంతా వీడియోలు తిరుగుతూనే ఉంటాయి. అంత రద్దీలో ఒక వాద్య సంగీతం ముక్క వెళితే తెరవకుండానే కిందికి జరిగిపోతుంది. కాబట్టి గ్రూపులో పెట్టకండి. ఒక్క మనిషికి పంపండి. ఆ మనిషిని తలుచుకుని ఎంచిన ఒక్క ముక్క చాలు. పది పంపితే ఒక్కటీ వినరు.

పంపేటప్పుడు ఎక్కడ వినాలో రాయండి. "ఇది చాలా బాగుంది, విను" అన్న మాట ఎవరికీ దారి చూపదు. "1:30 దగ్గర కంచు దెబ్బ ఒకటి పడుతుంది, అది ఎక్కడిదాకా వినపడిందో చెప్పు" అని రాస్తే వినేవాడికి ఒక పని దొరుకుతుంది. పని దొరికిన చెవి పారిపోదు. వివరణలూ చరిత్రా తర్వాత, అడిగితేనే.

ఈ విద్యలో ఆరితేరినవాడు విల్లిస్ కానొవర్. వాయిస్ ఆఫ్ అమెరికా షార్ట్‌వేవ్‌లో 1955 నుంచి 1996లో చనిపోయేదాకా జాజ్ వినిపించాడు. ఇంగ్లిషు అంతంతమాత్రం వచ్చిన పరదేశీ శ్రోతల కోసం నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెప్పేవాడు. తూర్పు యూరప్‌లో ఒక తరం సంగీతకారులు ఆ రేడియో దగ్గరే జాజ్ నేర్చుకున్నారు. తక్కువ చెప్పి ఎక్కువ వినిపించడం అతని పద్ధతి. మనం అనుసరించాల్సిందీ అదే.

వీలైతే పక్కన కూర్చుని వినిపించండి. అక్కుపల్లి శివసాగర్ తీరంలో సాయంత్రం పూట ఇద్దరు బావలు చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నారనుకోండి. సంభాషణ దాదాపు ఇలాగే సాగుతుంది.

"ఏటి బావా, పాటేదీ? ఎప్పుడు మొదలవుద్దీ?"

"మొదలైపోనాది బావా. ఆ లావు తీగ సప్పుడుందే, అదే పాడతంది."

"అదా! అయితే మల్లీ మొదట్నించీ ఎట్టు."

ఈ మూడో మాట వచ్చేదాకా మీరు ఇంకేమీ మాట్లాడకండి. వింటున్న మనిషి ముఖం వంక పదే పదే చూస్తూ "ఎలా ఉంది, ఎలా ఉంది" అనకండి. అయ్యాక కూడా బాగుందా అని అడక్కుండా ఏం వినపడిందని అడగండి. మొదటి ప్రశ్నకి మొహమాటపు జవాబొస్తుంది. రెండోదానికి ఒక్కోసారి మీరెప్పుడూ గమనించని సంగతి బయటికొస్తుంది. నాకు తెలిసిన ఒక జీడిపప్పు బట్టీ కార్మికురాలు జాజ్ రికార్డులో శాక్సోఫోన్ వాయించే మనిషి ఊపిరి పీల్చుకునే చోటల్లా చెయ్యెత్తి చూపించింది. అప్పట్నుంచి నేను వాద్యం వెనక ఊపిరి వినకుండా ఉండలేకపోతున్నాను.

నచ్చలేదంటే ఒప్పుకోండి. కొన్నాళ్ళాగి అదే ముక్క మళ్ళీ వినిపించండి. పదే పదే ఎదురైన వాటి మీద మనకు ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రయోగాలతో చూపించాడు. సినిమా పాటలు రిలీజుకి ముందు టీవీలో, ఆటోలో, టీ కొట్టులో మోగీ మోగీ మన నోటికి ఎక్కేది అందుకే. వాద్య సంగీతానికి ఆ ప్రచారం ఉండదు. మీరే కొద్దికొద్దిగా చేయాలి.

అవతలివాళ్ళు పంపింది మీరూ వినాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీ మేనల్లుడు డీజే రీమిక్స్ పంపితే మొహం చిట్లించకుండా దాంట్లో డప్పు దెబ్బ ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే నడిస్తే అది పాఠం చెప్పడం అవుతుంది, పాఠం నుంచి జనం తప్పించుకుంటారు.

పేరు పట్టుకుని పోతే

నచ్చిన రికార్డు తర్వాత ఏం వినాలో ఫోను చెబుతుంది గానీ, దాని మాట మీదే ఆధారపడితే ఒకే తరహా వింటూ ఉండిపోతాం. వాయించినవాళ్ళ పేర్లు పట్టుకుని పొండి. సో వాట్‌లో బాసు నచ్చిందా? పాల్ ఛాంబర్స్ పేరు నోటుపుస్తకంలో రాసుకోండి. అతను 1957 నాటి కోల్ట్రేన్ రికార్డు ‘బ్లూ ట్రేన్’లో ఉన్నాడు, ఆ తర్వాతి ‘జెయింట్ స్టెప్స్’లోనూ ఉన్నాడు. ఆ దారిలో కోల్ట్రేన్ పరిచయమవుతాడు. 1964 డిసెంబరు 9న అతను రికార్డు చేసిన ‘ఎ లవ్ సుప్రీమ్’ దేవుడికి చేసుకున్న నివేదన. భక్తి సంగీతం తెలిసిన ఇంట్లో దానికి పరిచయ వాక్యం అక్కర్లేదు. మన సంగీతం మీద ఎంత గౌరవమంటే, పండిట్ రవిశంకర్ పేరు తలుచుకుని కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి భార్య ఆలిస్ కోల్ట్రేన్ దగ్గరికి వెళ్ళొచ్చు. హార్పు, పియానో వాయించిన విదుషీమణి. 1971లో వచ్చిన ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’లో తంబుర మోగుతూ ఉంటుంది, దాని మీద బాసు ఒకే వరసను తిప్పుతూ ఉంటుంది, హార్పు తీగలు పైనుంచి కురుస్తాయి. జాజ్ అంటే భయపడే మా ఇంటి పెద్దవాళ్ళకి నేను మొదట వినిపించేది ఇదే. తంబుర వినగానే కుదురుగా కూర్చుంటారు. ఆవిడ తర్వాతి జీవితంలో పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో ‘సాయి అనంతం’ అనే ఆశ్రమం నడిపింది. అక్కడ భజనలకు ఆవిడే వాద్యం పట్టేది. డెట్రాయిట్‌లో పుట్టిన మనిషి చివరికి మన రాయలసీమ ఊరి వైపు ఎలా తిరిగిందో తెలుసుకోవాలనిపిస్తే ఆ భజనల రికార్డులు కూడా ఉన్నాయి.

బిల్ ఎవాన్స్ పేరు పట్టుకుంటే ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’ వస్తుంది. 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బులో జనం మధ్య రికార్డయింది. పాల్ మోషన్ డ్రమ్ము మీద కర్రలకు బదులు బ్రష్షు ఆడించే చోట్లు వినండి. తెల్లవారుజామున వాకిట్లో కొబ్బరి ఈనెల చీపురు లయగా నడుస్తున్నట్టుంటుంది. వెనక గాజు గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరివో మాటలు, ఒకరి నవ్వు కూడా ఆ రికార్డులో ఉండిపోయాయి. బాసు వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజుల తర్వాత కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. తాము ఎంతటి రాత్రిలో కూర్చున్నారో ఆ మాట్లాడుకున్నవాళ్ళకి తెలీదు.

మన ధ్వనులు పట్టి ఉంచడం

అలా క్లబ్బులో మైకు పెట్టి ఉంచినవాళ్ళు ఉండబట్టి ఆ రాత్రి మనదాకా వచ్చింది. మన దగ్గర అలా ఎవరూ పట్టి ఉంచకుండానే పోయిన ధ్వనులున్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకి లక్షల కొబ్బరిచెట్లను పడగొట్టింది. పాత తోటల్లో గాలి ఎలా మోగేదో పెద్దవాళ్ళు మాటల్లో చెబుతారు. వినిపించడానికి మాత్రం ఏమీ లేదు. జముకు పరిస్థితీ ఆ వైపే పోతోంది. వాయించేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇచ్చిపుచ్చుకోవడంలో మనం ఇవ్వగలిగింది మన ధ్వనులనే కాబట్టి, ఈ అధ్యాయంలో మీకిచ్చే చివరి పని రికార్డు చేయడం.

ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. ముందు కళాకారుల అనుమతి అడగండి. పిలిపించి వాయించమంటే డబ్బు ఇవ్వండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సముద్రపు గాలి మైకులో కొడితే అంతా బుసే వినపడుతుంది కాబట్టి గాలికి వీపు పెట్టి, మీ ఒళ్ళు అడ్డంగా ఉండేలా నిలబడండి, లేదంటే గోడ వారకి రండి. తప్పెటగుళ్ళకి మరీ దగ్గరికి వెళితే ధ్వని పగిలిపోతుంది, కొన్ని అడుగులు వెనక్కి జరగండి. జముకుకి మాత్రం దగ్గరగా ఉండాలి, తీగ జారే చప్పుడు అప్పుడే దొరుకుతుంది. మైకుసెట్టు స్పీకరు ముందు ఎప్పుడూ నిలబడకండి. మొదలవకముందే బటను నొక్కి, అయిపోయాక కూడా కాసేపు ఆపకండి. వాద్యాన్ని సరిచేసుకోవడం, గొంతు సవరించుకోవడం, పిల్లల కేకలు అన్నీ ఉండనివ్వండి. చివర్లో వాయించినవాళ్ళ చేతనే పేరు, ఊరు చెప్పించండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫైలుకి వాద్యం పేరు, మనిషి పేరు, ఊరు, తేదీ పెట్టండి. మొదటి కాపీ వాయించినవాళ్ళదే. వాళ్ళ దగ్గర స్మార్ట్‌ఫోను లేకపోతే ఇంట్లో పిల్లల ఫోనుకి పంపి, పక్కన కూర్చుని ఒకసారి కలిసి వినండి. తన వాద్యాన్ని బయటినుంచి వింటున్న ఆ కళాకారుడు ఏ చోట చెయ్యెత్తి ఆపమంటాడో, ఏ ముక్క మళ్ళీ వెయ్యమంటాడో నిమిషాలతో సహా రాసుకోండి. దూరాన ఉన్నవాళ్ళకి ఆ రికార్డు పంపేటప్పుడు ఎక్కడ వినాలో చెప్పడానికి ఆ అంకెలే వాడండి.